ఒక్క ఫొటోలో పట్టని వెలుతురు



సావనీరు రాగానే చాలామంది ముందు చూసేది ఫొటోలనే. జమాఖర్చుల పట్టిక, అధ్యక్షుల వారి సందేశం ఆ తర్వాతే. అందులో తప్పేమీ లేదు. మనం ఇచ్చిన డబ్బు ఏ పిల్లవాడి చేతికి పుస్తకాలై చేరిందో కళ్లారా చూడాలనిపించడం సహజం. ఆ ఫొటోలు ఎలా తీస్తారు, ఎందుకు చెడిపోతాయి, ఒకటికి నాలుగు ఎక్స్‌పోజర్లు కలిపి వాటిని ఎలా బాగుచేయవచ్చు, ఎంతవరకు బాగుచేయవచ్చు అనే విషయం మీద ఈసారి రాయమని సంపాదక వర్గం వారు మమ్మల్ని కోరారు. మేము బడిలో సైన్సు పాఠాలు చెప్పేవాళ్లం. ఫొటోలు తీయడం మాకు అలవాటే తప్ప వృత్తి కాదు. అయినా ఒప్పుకున్నాం. కారణం, ఈ విషయంలో మన సొసైటీ రెండు పొరపాట్లు చేసింది. ఆ రెండింట్లోనూ మా చేయి ఉంది.

ఆ తల్లి అడిగిన ప్రశ్న

కొన్నేళ్ల కిందట ఉపకార వేతనాల పంపిణీ షాదీఖానాలో జరిగింది. వేదిక వెనక వరసగా పెద్ద కిటికీలు. మధ్యాహ్నం పదకొండు గంటల ఎండ. నలభై మంది పిల్లలను మూడు వరసల్లో నిలబెట్టి, ఎదురుగా నిలబడి మేమే ఫొటో తీశాం. సావనీరు అచ్చయి వచ్చాక చూస్తే కిటికీలు పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. పిల్లల ముఖాలు మాత్రం మసి పూసినట్టున్నాయి.

ఒక తల్లి ఆ పుస్తకం పట్టుకుని బడికి వచ్చింది. బట్టలు కుట్టి ఇల్లు నడిపే మనిషి. "సార్, ఇందులో మా వాడు ఎక్కడున్నాడు?" అని అడిగింది. రెండో వరసలో ఎడమ నుంచి మూడో చోట వేలు పెట్టి చూపించాం. ఆమె చాలాసేపు చూసింది. "మీరు చెప్పారు కాబట్టి వాడే అనుకుంటాను" అని పుస్తకం మూసింది.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదల్లేదు. ఇంటికి వెళ్లి అసలు ఫైలు తెరిచి కంప్యూటర్‌లో వెలుతురు పెంచి చూశాం. ముఖాలున్న చోట బూడిద రంగు చుక్కలు పైకి తేలాయి తప్ప కళ్లు, నవ్వు కనబడలేదు. ఫొటో తీసినప్పుడు పట్టని వెలుతురు తర్వాత ఎంత వెతికినా రాదు.

కన్ను చూసేది, కెమెరా చూసేది

ఆ రోజు హాల్లో ఉన్న మనందరికీ పిల్లల ముఖాలు బాగానే కనిపించాయి. మరి కెమెరాకు ఎందుకు కనబడలేదు?

మన కన్ను ఒక చోటే ఆగి చూడదు. కిటికీ వైపు తిరిగితే కంటిపాప ముడుచుకుంటుంది. ముఖం వైపు తిరిగితే విచ్చుకుంటుంది. అలా పదిసార్లు చూసిన చూపులన్నిటినీ మెదడు కలిపి ఒకే దృశ్యంగా మనకు అందిస్తుంది. కెమెరా షట్టరు మాత్రం ఒక్కసారి తెరుచుకుని మూసుకుంటుంది. ఆ కాసేపట్లో ఎంత వెలుతురు లోపలికి వెళ్లాలో ఒక్క లెక్కే ఉంటుంది. కిటికీకీ అదే లెక్క, ముఖానికీ అదే లెక్క.

ఈ వెలుతురు తేడాను ఫొటోగ్రాఫర్లు 'స్టాపు'ల్లో కొలుస్తారు. ఒక స్టాపు పెరిగితే వెలుతురు రెట్టింపు. రెండు స్టాపులంటే 4 రెట్లు, మూడంటే 8 రెట్లు, పది స్టాపులంటే 1,024 రెట్లు. బయట ఎర్రటి ఎండలో వెలుతురు సుమారు 1,00,000 లక్సులు ఉంటుంది. దీపాలు తక్కువగా ఉన్న హాల్లో 150 లక్సులు ఉంటే గొప్ప. అంటే లోపలికీ బయటికీ తొమ్మిదిన్నర స్టాపుల దాకా తేడా. దీనికి తోడు లోపల ఒకరి నల్ల బురఖాకూ పక్కనున్నవారి తెల్ల కుర్తాకూ నాలుగు స్టాపులకు పైగా తేడా ఉంటుంది. మొత్తం పదమూడు, పద్నాలుగు స్టాపులయ్యింది.

మంచి కెమెరా సెన్సరు ఒక్క ఎక్స్‌పోజరులో సుమారు 12 నుంచి 14 స్టాపుల దాకా పట్టగలదు. అయితే ఆ చీకటి అంచున పట్టినదంతా చుక్కల మయం. ఇక అచ్చు కాగితం మీద కనిపించేది ఇంకా తక్కువ. కాబట్టి ఆ రోజు కెమెరా ముందు రెండే దారులున్నాయి. కిటికీనైనా కాపాడాలి, ముఖాలనైనా కాపాడాలి. కెమెరాను దాని ఇష్టానికి వదిలేశాం. అది కిటికీల వెలుతురును చూసి లెక్క కట్టుకుంది.

చీకటి గదిలో దీపాలు

ఒకటికి మించిన ఎక్స్‌పోజర్లు కలపడం ఎలా సాధ్యమో అర్థం కావాలంటే వెయ్యేళ్లు వెనక్కి వెళ్లాలి. బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్న్ అల్ హైసమ్ పదకొండో శతాబ్దం తొలినాళ్లలో 'కితాబ్ అల్ మనాజిర్' అనే గ్రంథం రాశారు. కాంతిశాస్త్రానికి అది మూలస్తంభం వంటిది. అందులో ఆయన ఒక ప్రయోగం వివరించారు. కొన్ని దీపాలను వేర్వేరు చోట్ల పెట్టి, వాటికి ఎదురుగా చిన్న రంధ్రం ఉంచి, దాని వెనక చీకటి చోటు ఉండేలా చూడాలి. లోపలి గోడ మీద ఎన్ని దీపాలుంటే అన్ని వెలుగు మచ్చలు పడతాయి. ఒక దీపాన్ని మూస్తే దానికి చెందిన మచ్చ ఒక్కటే మాయమవుతుంది. మిగిలినవి చెక్కుచెదరవు.

చూడటానికి చిన్న ప్రయోగమే. అది చెప్పే సంగతి మాత్రం పెద్దది. వెలుగులన్నీ ఒకే రంధ్రం గుండా దూరినా ఒకదానితో ఒకటి కలిసి చెడిపోవు. దేని దారి దానిదే. గోడ మీద ఒకే చోట రెండు వెలుగులు పడితే మాత్రం రెండూ కూడుకుంటాయి. మేము ఎనిమిదో తరగతి పిల్లలకు అట్టపెట్టె, మూడు కొవ్వొత్తులతో ఇది చేసి చూపిస్తాం. బహుళ ఎక్స్‌పోజర్ల విద్య అంతా ఈ రెండు సూత్రాల మీదే నిలబడి ఉంది. ప్రతి ఎక్స్‌పోజరూ తన వెలుగును తాను మోసుకొస్తుంది. ఒకే ఫలకం మీద పడ్డవి కూడుకుంటాయి.

సముద్రానికి ఒకటి, ఆకాశానికి ఒకటి

మాకు ఎదురైన కష్టం ఫొటోగ్రఫీ పుట్టిన తొలినాళ్లలోనే ఎదురైంది. ఆనాటి గాజు నెగటివ్‌లకు నీలి రంగు కాంతి అంటే మహా చురుకు. సముద్రం సరిగా పడేంతసేపు ఉంచితే ఆకాశం తెల్లగా మాడిపోయేది. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే అనే ఆయన 1856–57 ప్రాంతంలో దీనికి ఉపాయం కనిపెట్టారు. సముద్రానికి ఒక నెగటివ్, మబ్బులకు ఇంకొక నెగటివ్ వేరుగా తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద దిగ్గీత దగ్గర అతికినట్టు ముద్రించారు. జనం ముక్కున వేలేసుకున్నారు. అదే 1857లో ఇంగ్లండులో ఆస్కార్ రేలాండర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే పెద్ద చిత్రం చేశారు. దాని ప్రతిని విక్టోరియా రాణి కొన్నారు.

ఇప్పుడు ఈ పనిని కంప్యూటర్లు చేస్తున్నాయి. వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన ఫొటోల నుంచి దృశ్యంలోని అసలు వెలుతురును ఎలా లెక్కగట్టాలో 1997లో డెబెవెక్, మలిక్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించిన పద్ధతి ప్రసిద్ధి చెందింది. మన జేబుల్లోని ఫోన్లలో హెచ్‌డీఆర్ అని కనిపించేది ఈ కుటుంబానికి చెందినదే. మనం మీట ఒక్కసారి నొక్కినా అది లోపల వరసగా అనేక ఫ్రేములు తీసి కలిపేస్తుంది.

కెమెరాతో చేత్తో చేయాలనుకునే వాలంటీర్లకు క్రమం ఇది.

ముందుగా కెమెరాను స్టాండు మీద బిగించాలి. ఎపర్చర్, ఐఎస్ఓ, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ ఒకసారి పెట్టాక కదిలించకూడదు. మార్చవలసింది షట్టరు వేగం ఒక్కటే. షాదీఖానా వంటి హాల్లో ఎపర్చర్ 4, ఐఎస్ఓ 800 పెడితే ముఖాలకు సెకనులో 30వ వంతు సరిపోతుంది. దాని చుట్టూ రెండేసి స్టాపుల తేడాతో 1/8, 1/30, 1/125, 1/500, 1/2000 అని ఐదు ఫ్రేములు తీయాలి. 1/8లో మూలల చీకటి, 1/30లో ముఖాలు, 1/2000లో కిటికీ బయటి చెట్టు పడతాయి. మీట వేలితో నొక్కితే కెమెరా వణుకుతుంది కనుక రెండు సెకన్ల టైమరు వాడాలి. చాలా కెమెరాల్లో ఈ వరసను దానంతటదే తీసే 'బ్రాకెటింగ్' సదుపాయం ఉంటుంది. ఆ తర్వాత కంప్యూటర్‌లో ఏ ఫ్రేములో ఏ భాగం బాగా పడిందో దాన్ని తీసుకుని కలపాలి.

ఇదంతా రాసి ఒక మాట దాచిపెడితే మాకు పాపం చుట్టుకుంటుంది. అన్నిటికన్నా చవకైన పద్ధతి కిటికీలకు పరదాలు వేయడం. లేదా పిల్లలను కిటికీల వైపు ముఖం పెట్టి నిలబెట్టి, మనం కిటికీల దగ్గర నిలబడి తీయడం. ఆ రోజు ఆ రెండూ మాకు తోచలేదు.

మూడు రంగులు, కదిలే నీళ్లు

ఎక్స్‌పోజర్లను వెలుతురు కోసమే కలపాలని లేదు. రంగు కోసమూ కలపవచ్చు. 1861లో లండన్‌లో మాక్స్‌వెల్ ఒక గళ్ల రిబ్బను ఫొటోలను చూపించారు. తీసింది థామస్ సటన్. ఎర్ర, ఆకుపచ్చ, నీలి ఫిల్టర్ల గుండా విడివిడిగా తీసిన నలుపు తెలుపు ఫొటోలను అవే రంగుల కాంతితో ఒకే తెర మీద ఒకదానిపై ఒకటి పడేటట్టు చూపిస్తే రంగుల రిబ్బను కనిపించింది. ఇవాళ మన టీవీల్లో, ఫోన్లలో రంగులు పుట్టేది ఈ మూడింటి కలయికతోనే.

ఆ పద్ధతిని ప్రొకుదిన్-గోర్‌స్కీ అనే రష్యన్ ఫొటోగ్రాఫర్ 1909 నుంచి 1915 దాకా తమ సామ్రాజ్యమంతా తిరిగి వాడారు. పొడవాటి గాజు పలక మీద ఒకదాని కింద ఒకటిగా మూడు ఫిల్టర్లతో మూడు ఎక్స్‌పోజర్లు తీసేవారు. బుఖారా అమీరు ఆలిం ఖాన్ నీలి జరీ అంగీతో కూర్చున్న 1911 నాటి ఫొటో ఆయన తీసినదే. అమీరు కదలకుండా కూర్చున్నారు కనుక నూరేళ్లు దాటినా నిన్న తీసినట్టుంది. అదే ఫొటోగ్రాఫర్ తీసిన నదుల బొమ్మల్లో గట్టు స్పష్టంగా ఉంటుంది, నీటి మీద మాత్రం ఎరుపు, పచ్చ, నీలి మరకలు చెదిరి కనిపిస్తాయి. మూడు ఎక్స్‌పోజర్ల మధ్య నీరు ఆగలేదు మరి.

బహుళ ఎక్స్‌పోజర్లు చేసేవారికి ఈ నీటి మరకలు మంచి పాఠం. నిలిచి ఉన్నది కలుస్తుంది. కదిలేది దయ్యంలా మిగులుతుంది. చిన్నపిల్లల గుంపును ఐదు ఎక్స్‌పోజర్లలో తీస్తే ఒకడికి రెండు తలలు వస్తాయి. అందుకే పిల్లల ముఖాలను ఒకే ఫ్రేములో నుంచి తీసుకుని, మిగతా ఫ్రేములను గోడలకు, కిటికీలకు వాడుకోవాలి.

కూడికలో మాయ

ఫిల్ము రోజుల్లో ఒకే ఫిల్ము ముక్క మీద రెండుసార్లు తీయడాన్ని డబుల్ ఎక్స్‌పోజర్ అనేవారు. రెండు వెలుగులు కూడుకుంటాయి కనుక ఒక్కోదానికి ఒక్కో స్టాపు తగ్గించి తీయాలి. లేకపోతే మొత్తం తెల్లబడుతుంది. వెనక నల్లటి తెర ఉంటే ఆ ఇబ్బంది లేదు. నలుపు నుంచి వెలుగు రాదు, అక్కడ ఫిల్ము ఖాళీగానే ఉంటుంది.

మా తరం వారికి 1964 నాటి 'రాముడు భీముడు' గుర్తుండే ఉంటుంది. ఇద్దరు ఎన్టీఆర్‌లు ఒకే తెర మీద కనిపిస్తుంటే హాలంతా ఈలలు. ద్విపాత్రాభినయానికి ఆ కాలంలో వాడుకలో ఉన్న ఒక కిటుకు ఇలా ఉంటుంది. లెన్సు ముందు సగాన్ని నల్ల అట్టతో మూసి, నటుడు ఒక పక్క నటించింది తీస్తారు. ఫిల్మును వెనక్కి తిప్పుతారు. ఇప్పుడు రెండో సగాన్ని మూసి, అతడే దుస్తులు మార్చుకుని ఇంకో పక్క నటించింది తీస్తారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా గోడ మీద అతుకు కనబడుతుంది. ఇది మాయే. కానీ టికెట్టు కొన్న ప్రతివాడికీ అది మాయ అని తెలుసు. అందువల్ల ఇందులో మోసం లేదు.

అదే కిటుకును మోసానికి వాడినట్టు ఆరోపణలు ఎదుర్కొన్న వారూ ఉన్నారు. 1860ల్లో అమెరికాలోని బోస్టన్‌లో విలియం మమ్లర్ అనే ఫొటోగ్రాఫర్ పేరు మోగిపోయింది. ఆయన దగ్గర ఫొటో తీయించుకుంటే వెనక చనిపోయిన బంధువు నీడ కనిపించేది. అంతర్యుద్ధంలో కొడుకులను, భర్తలను పోగొట్టుకున్న ఇళ్లు ఎన్నో ఉన్న కాలం అది. ఏడుస్తున్నవాళ్లు డబ్బులిచ్చి మరీ తీయించుకున్నారు. కొన్ని నీడలు బతికున్న మనుషులవని తర్వాత కొందరు గుర్తుపట్టారు. 1869లో న్యూయార్క్‌లో ఆయన మీద విచారణ జరిగింది, కానీ సాక్ష్యం చాలక విడుదలయ్యారు. ఆ తర్వాత కొన్నేళ్లకు హత్యకు గురైన అధ్యక్షుడు లింకన్ భార్య కూడా ఆయన దగ్గర ఫొటో తీయించుకున్నారు. ఆమె భుజాల మీద చేతులు వేసినట్టు భర్త నీడ ఉన్న ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. ముందే ఒక బొమ్మ పడిన గాజు పలకను మళ్లీ వాడితే ఇలాంటి నీడ ఎవరికైనా వస్తుంది.

సినిమాలో జరిగిందీ ఎక్స్‌పోజర్ల కూడికే, ఈ నీడ వెనక ఉన్న విద్యా అదే. తేడా అంతా చూసేవాడికి ముందు చెప్పామా లేదా అన్నదాంట్లో ఉంది.

ఎన్నో కెమెరాలు, ఒక్క నిజం

ఒక కెమెరాతో ఎన్నో ఎక్స్‌పోజర్లు తీయడం ఒక దారి. ఎన్నో కెమెరాలతో ఒకే సంగతిని పట్టడం ఇంకో దారి. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒక్కసారి గాల్లోకి లేస్తాయా అన్నది ఒకప్పుడు తేలని తగువు. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ బాట పక్కన 12 కెమెరాలను వరసగా పెట్టి, బాటకు అడ్డంగా దారాలు కట్టారు. గుర్రం దారాలను తెంపుకుంటూ పోతుంటే షట్టర్లు ఒకదాని వెంట ఒకటి పడ్డాయి. కాళ్లు నాలుగూ గాల్లో ఉన్న క్షణం ఫొటోల్లో దొరికింది. ఆ క్షణంలో కాళ్లు కడుపు కింద ముడుచుకుని ఉన్నాయి. తరతరాలుగా చిత్రకారులు గీసినట్టు ముందుకూ వెనక్కూ చాచి లేవు. ఆ తర్వాత ఆయన కెమెరాలను 24కు పెంచారు.

మన కాలంలో ఇదే ఆలోచన ఎంత దూరం వెళ్లిందో చూడండి. 2019 ఏప్రిల్ 10న ప్రపంచమంతా చూసిన కృష్ణబిలం చిత్రం ఏ ఒక్క దుర్భిణీ తీసినది కాదు. భూమి మీద వేర్వేరు చోట్ల ఉన్న ఎనిమిది రేడియో దుర్భిణీలు 2017 ఏప్రిల్‌లో సేకరించిన సంకేతాలను కలిపి, సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం87 నక్షత్రవీధి నడుమ ఉన్న బిలం నీడను చూపించారు. ఆ శాస్త్రవేత్తలు వేర్వేరు బృందాలుగా విడిపోయి, ఒకరి ఫలితం ఒకరు చూడకుండా విడివిడిగా చిత్రం తయారు చేశారు. అందరికీ అదే ఉంగరం వచ్చాకే నమ్మారు. ఎలా కలిపారో కూడా లోకానికి వివరంగా చెప్పారు.

మన రెండో పొరపాటు

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాం. ఆ తల్లి మాట గుర్తుపెట్టుకుని మరుసటి ఏడు జాగ్రత్తపడ్డాం. పరదాలు వేయించాం. గుంపు ఫొటోను వరసగా ఆరుసార్లు తీశాం. నలభై మంది కళ్లూ ఒకే ఫ్రేములో తెరుచుకుని ఉండటం అరుదు కనుక, ఒక ఫ్రేమును ఆధారంగా పెట్టుకుని, కళ్లు మూసిన వారి ముఖాలను కొద్ది సెకన్ల తేడాతో తీసిన పక్క ఫ్రేముల నుంచి తెచ్చి అతికించాం. అంతవరకు బాగానే ఉంది. అక్కడ ఉన్న మనిషే, అదే నిమిషం, అదే చోటు.

కానీ ఒక కుర్రవాడు ఆ రోజు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నాడు. వాడు లేకపోతే ఫొటోలో లెక్క తగ్గుతుందని, వాడి ముఖాన్ని పాత ఫొటో నుంచి తెచ్చి మూడో వరస చివర నిలబెట్టారు మా వాలంటీర్లు. చూశాం, బాగా కుదిరిందని మేమూ మెచ్చుకున్నాం. సావనీరు వెళ్లాక ఒక పెద్దాయన, ఎన్నో ఏళ్లుగా జకాత్ సొమ్ము మన సొసైటీకి ఇస్తున్న దాత, ఫోన్ చేశారు. "మాస్టారూ, ఆ అబ్బాయిని ఆ రోజు సాయంత్రం ఆసుపత్రిలో చూసి వచ్చింది నేనే. ఫొటోలో ఎలా నిలబడ్డాడు?" అని అడిగారు. మేము నిజం చెప్పాం. ఆయన కోప్పడలేదు. "అయితే మిగతా ముప్పై తొమ్మిది మందీ ఉన్నారా?" అన్నారు.

ఉన్నారు. ముప్పై తొమ్మిది మందికీ సొమ్ము అందింది. నలభయ్యో వాడికి కూడా ఆసుపత్రి మంచం దగ్గరికే చేర్చాం. రసీదులు చూపించాం. ఆయన తృప్తిపడ్డారు. కానీ ఒక్క అబద్ధపు ముఖం ముప్పై తొమ్మిది నిజమైన ముఖాలను అనుమానంలో పడేసింది. సొమ్ము ఒక్కటే అమానత్ అనుకున్నాం ఇన్నాళ్లూ. ఆ సొమ్ముకు సాక్ష్యంగా చూపించే ఫొటో కూడా అమానతేనని ఆయన ఒక్క ప్రశ్నతో నేర్పారు.

ముఖం చూపకుండా సాక్ష్యం చూపడం

ఎక్స్‌పోజర్లను కలిపే విద్య వల్ల మనకు ఒక మంచి ఉపయోగం కూడా దొరికింది. అది దాతలకు తప్పక చెప్పాలి. రమజాను రేషన్ కిట్ల పంపిణీకి వచ్చే ఆడవాళ్లలో చాలామందికి ఫొటోలో పడటం ఇష్టం ఉండదు. సహాయం తీసుకున్నారన్న సంగతి పక్కింటికి తెలియకూడదని వారి కోరిక. అది న్యాయమైన కోరిక. మరోవైపు పంపిణీ నిజంగా జరిగిందా అని తెలుసుకునే హక్కు దాతకు ఉంది.

కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టి, నిమిషానికి ఒక్కటి చొప్పున ఇరవై ఫ్రేములు తీసి, కంప్యూటర్‌లో వాటి సగటు తీయండి. బియ్యం బస్తాలు, బల్ల, గోడ మీది బ్యానరు కదలవు కనుక స్పష్టంగా నిలుస్తాయి. వరసలో ముందుకు సాగిపోయే మనుషుల్లో ఒక్కొక్కరి వాటా ఇరవయ్యో వంతు మాత్రమే. వాళ్లు పొగమంచులా, నీడల్లా మిగులుతారు. జనం వచ్చారని తెలుస్తుంది, ఎవరు వచ్చారో తెలియదు. ఎక్కువసేపు ఒకేచోట నిలబడినవారు కొంత ఆనవాలు పట్టేలా పడవచ్చు కనుక, అచ్చుకు ముందు జాగ్రత్తగా చూసుకోవాలి. విడి ఫ్రేములను పని కాగానే చెరిపేయాలి.

ఈ సగటుతో ఇంకో లాభం ఉంది. తక్కువ వెలుతురులో ఫొటో మీద కనిపించే చుక్కలు ప్రతి ఫ్రేములో ఒక్కో చోట పడతాయి. నాలుగు ఫ్రేముల సగటు తీస్తే అవి సగానికి, తొమ్మిదింటికి మూడో వంతుకు, పదహారింటికి నాలుగో వంతుకు తగ్గుతాయి. సంధ్యవేళ చార్మినారును తీసినా, దీపాల వెలుగులో పాత రాతప్రతి పేజీని తీసినా ఈ లెక్క పనికొస్తుంది.

ఇక మీదట

పై అనుభవాలతో సొసైటీ కార్యవర్గం ముందు మేము నాలుగు మాటలు పెట్టాం. వారు ఒప్పుకున్నారు. ఒకటి, వెలుతురు సరిచేయడానికి, చుక్కలు తగ్గించడానికి, మూసిన కళ్ల బదులు అదే నిమిషంలో తెరిచిన కళ్లు పెట్టడానికి ఎక్స్‌పోజర్లు కలపవచ్చు. రెండు, ఆ రోజు అక్కడ లేని మనిషిని, వస్తువును ఫొటోలోకి తేకూడదు, ఉన్నవారిని తీసేయకూడదు. మూడు, ముఖం కనబడటం ఇష్టం లేనివారిని గుర్తుపట్టేలా అచ్చువేయకూడదు. నాలుగు, ఎన్ని ఫ్రేములు కలిపితే అన్ని అని ఫొటో కింద ఒక్క వరస రాయాలి. కలిపిన ఫొటోల అసలు ఫ్రేములను ఒక ఏడాది దాచి, దాత అడిగితే చూపించాలి. సగటు తీసిన పంపిణీ ఫొటోలకు మాత్రం ఇది వర్తించదు. అక్కడ లెక్కలకు రసీదులే సాక్ష్యం.

ఈ సంచికలో ఫొటోల కింద 'మూడు ఎక్స్‌పోజర్ల కలయిక' అనో, 'ఇరవై ఫ్రేముల సగటు' అనో చిన్న అక్షరాలు కనిపిస్తే, ఇందుకే. ఆ వరస ఎక్కడైనా లేదనిపిస్తే మొహమాటపడకుండా మమ్మల్ని అడగండి. ఆ పెద్దాయన అడిగినట్టు అడగండి.

ఆ తల్లికి మాత్రం ఆ ఏటి ఫొటోను బాగుచేసి ఇవ్వలేకపోయాం. ఆ కుర్రవాడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు, మన ఉపకార వేతనం అందుకుంటూనే ఉన్నాడు. ఈసారి పంపిణీ రోజున షాదీఖానా పరదాలు ముందు రోజే వేయించాం. రెండో వరసలో ఎడమ నుంచి మూడో చోటే నిలబడ్డాడు. పుస్తకం ఆమె చేతికి వెళ్లినప్పుడు, ఇన్షా అల్లాహ్, మా వేలు సాయం అక్కర్లేదు.